వరదమ్మ మూల

1979

జూలై 8, ఆదివారం

చిత్తూరులో ఎరువుల అంగడాయన సంవత్సరం మొదట్లో ఇచ్చిన డైరీ ఇది. ఆరు నెలలు గూట్లో పడి ఉంది. నిన్న సాయంత్రం మంచి వాన పడింది. పొద్దున చేనులో తవ్వి చూస్తే జానెడు లోతు పదును దిగింది. విత్తడానికి ఇంతకంటే మంచి అదను రాదు. రాయడం మొదలుపెట్టడానికి కూడా ఇదే మంచి రోజనిపించింది. ఎప్పుడు విత్తాము, ఎప్పుడు కలుపు తీశాము, ఎన్ని వానలు పడ్డాయి, ఇవి రాసిపెట్టుకుంటే వచ్చే సంవత్సరానికి పనికొస్తాయి. వేరే సంగతులు రాయకూడదు.

జూలై 9

చెనిక్కాయ విత్తాము. పక్క చేను చిన్నబ్బ మడక కట్టుకొని తానే వచ్చాడు, పిలవకుండానే. ఆయన సాలు తోలితే వెనకాలే నా భార్య నిర్మల విత్తనం వేసింది. మా జ్ఞానాంబ బడి ఎగ్గొట్టి గెనిమ గట్టు మీద నిలబడి కాకులను తోలింది. రెండో తరగతి పిల్లకు ఒక రోజు పోతే ఏమీ కాదు. సాయంత్రానికి అంతా అయిపోయింది. చిన్నబ్బకు సంగటి, ఊరిబిండి పెట్టాము. మంచి మనిషి.

జూలై 11

సన్న తుంపర. చాలు.

జూలై 18

మొలక బాగుంది. సాలుకు సాలు కనబడుతోంది.

జూలై 27

మూడు రోజులు తిరుపతిలో రైతుల తరగతికి పోయి వచ్చాను. గ్రామసేవకుడు పరంధామయ్య నా పేరు రాయించాడు. మా ఊళ్లో పదో తరగతి దాకా పోయినవాడిని నేనొక్కడినే అని. పెద్ద పెద్ద పటాలు పెట్టి చెప్పారు. కలుపు మీద ఒక పూటంతా చెప్పారు. మా చేలలో ఎక్కువగా వచ్చేది కుక్కవామింట. పసుపుపచ్చ పువ్వు, జిగట ఆకు, చేత్తో ముట్టుకుంటే కంపు. దాని కాయ చిట్లితే గింజలు అచ్చం ఆవగింజల్లా రాలతాయి. పిల్లకాయలు అడివావాలు అంటారు. ఒక్క చెట్టు వేల గింజలు రాలుస్తుందట. గెనిమ మీద ఒక్కటి వదిలినా వచ్చే సంవత్సరం చేనంతా అదేనట. 'మీలో ఎంతమంది గెనిమ మీద కలుపు వదిలేస్తారు?' అని అడిగారు. నేను చెయ్యి ఎత్తలేదు.

ఆగస్టు 1, బుధవారం

కలుపు మొదలుపెట్టాం. దేవకమ్మ, ఆమె గుంపు ఆరుగురు. పది గంటలకల్లా సగం చేను తీశారు. పని బాగా చేస్తారు. ఈశాన్యం మూలకు వచ్చి ఆగారు.

"ఈ మూల ఇడిసిపెట్టేదే గదా, మునిరామయ్యా?" అంది దేవకమ్మ.

"వద్దు. అంతా తీసెయ్యండి."

"మీ నాయన కాలం నించి ఇది వరదమ్మ మూల. నాలుగు మూరలు ఇడిస్తా ఉండాము."

"తిరుపతిలో చెప్పినారు, ఒక్క చెట్టు కూడా ఉండకూడదని."

"తిరుపతిలో చెవి నొస్తే వాళ్లేం పోసుకుంటారంట?"

ఆరుగురూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వి, పార తీసుకొని నేనే మొదలుపెట్టాను. తరవాత వాళ్లూ తీశారు. ఇప్పుడు చేను నాలుగు వైపులా ఒకేలా ఉంది. చూడడానికి బాగుంది.

ఆగస్టు 3

వరదమ్మత్త వచ్చింది. వరసకు అత్త, దగ్గర చుట్టం కాదు. మొగుడు లేడు, పిల్లలు లేరు. చెవిపోటుకు మందు పోస్తుంది. ఆదివారం మందుకు శనివారమే చెట్టుకు దారం కట్టిపోతుంది. ఒకరోజు ముందే వచ్చి చూసుకుంది.

"ఏమిరా మునిరాముడూ, మూల బోడి చేసినావే?"

"చేనులో కలుపు ఉండకూడదత్తా."

"ఇది చేనులో కలుపా? మీ నాయన ఇడిసిపెట్టిన మందాకు."

"నాయన మాట ఎందుకు ఇప్పుడు? నీకు ఆకు కావల్లంటే అడివిలో పెరుక్కో."

"అడివిలో దొరికితే నీ గెనిమ ఎందుకు ఎక్కుతా నేను? ఈ చెట్టు మనిషి దున్నిన చోటే మొలిచేది. అడివిలో మొలవదు."

"చిన్నబ్బ చేనులో ఉండాది, పో."

పోయింది. చిన్నబ్బ చేను పక్కదే అయినా చెరువు కట్ట దిగి పోవాలి, ఆమెకు మోకాళ్లు నొప్పి. ఆ సంగతి నాకు తరవాత గుర్తొచ్చింది.

చిన్నప్పుడు నాకూ ఆమే పోసింది. ఆమె మందుకు ఏమీ తీసుకోదు. రెండు తమలపాకులు, ఒక వక్క ఆమె ముందు నేల మీద పెట్టాలి. తీసుకుంటే మందు పోస్తుంది. నయమైనాక మేలు చేశావని మాత్రం ఆమెతో అనకూడదు. అంటే ఆకు పనిచేయడం మానేస్తుందట. ఆరోజు ఇంటికి వస్తుంటే దారిలో నాయన అడిగాడు, "ఏమన్నా చెప్పినావా ఆమెకు?" అని. లేదన్నాను. "మంచిపని" అన్నాడు.

వరదమ్మ మీద నాకు కోపం లేదు. చేను నాది, అంతే.

ఆగస్టు 6

చిన్న వాన. పూత మొదలైంది.

ఆగస్టు 9

జ్ఞానకు ఎడమ చెవి కారుతోంది. పది రోజుల నుంచీ కారుతోందని నిర్మల అంటుంది. నాకు చెప్పిందట. నేను వినలేదట. రేడియో దగ్గర ఎటు కూర్చున్నా పిల్ల తల తిప్పి కుడి చెవే పెడుతోంది. ఆట అనుకున్నాను.

ఆగస్టు 10

శ్రీహరికోట నుంచి పంపిన రాకెట్టు సముద్రంలో పడిపోయిందని రేడియోలో చెప్పారు. "ఎవురికన్నా తగిలిందా నాయనా?" అని అడిగింది జ్ఞాన. లేదన్నాను. ఒళ్లు వెచ్చగా ఉంది పిల్లకు.

ఆగస్టు 12, ఆదివారం

నిర్మల పోరితే వరదమ్మ ఇంటికి తీసుకుపోయాం. ఆమె చింతపండు గింజ తీస్తూ ఉంది. ఏమీ జరగనట్టే "రామ్మా జ్ఞానా" అని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. నిర్మల ఆకులు, వక్క కింద పెట్టింది.

ఆమె చెవిలో చూడలేదు. ముందు చెవి వెనక ఎముక మీద బొటనవేలితో నొక్కింది. జ్ఞాన కెవ్వుమంది. చెవిలోని దూది తీసి వాసన చూసింది. తరవాత కింద ఉన్న తమలపాకులు తీసి నిర్మల చేతిలో పెట్టేసింది. ఆకు తిప్పి ఇవ్వడం నేను పుట్టినాక చూడలేదు.

"ఇది నా ఆకుతో పొయ్యేది కాదు. వేలూరికి తీసకపోండి. రేపే పోండి" అంది.

"మూల తీసేసినాననే గదా, అత్తా?"

"మూలకీ దీనికీ ఏమిరా? ఎముక మింద నొప్పి ఉండాది. నేను పొయ్యను."

"ఊరందరికీ పోస్తావు, నా బిడ్డకు పొయ్యవు."

"పొయ్యను. మే నిర్మలా, నువ్వన్నా ఇను. వేలూరు."

నాయనను డెబ్బై ఒకటిలో వేలూరికి తీసుకుపోయాం. నడిచి బస్సెక్కాడు. వచ్చేటప్పుడు టాక్సీలో పడుకోబెట్టి తెచ్చాం. ఆ సంగతి వరదమ్మకు తెలుసు. తెలిసీ నా ముందు ఆ ఊరి పేరు చెప్పింది.

కోపం ఏమీ లేదు.

ఆగస్టు 13

నిర్మల పొద్దున్నుంచీ వేలూరు అంటూనే ఉంది. రెండు రోజులు చూద్దామన్నాను. జ్వరం ఎక్కువేమీ లేదు.

ఆగస్టు 14

చిన్నబ్బ చేనులో కుక్కవామింట ఇంకా ఉంది. పొద్దున పోయి రెండు చెట్లు పెరికి తెచ్చాను. దారం కట్టలేదు, అవన్నీ పాతకాలం సంగతులు. ఆకు నలిపి పసరు పిండి, గోరువెచ్చగా చేసి గుడ్డలోంచి చెవిలో వేశాను. ఎన్ని చుక్కలు వేయాలో తెలియదు. నాకు పోసినప్పుడు నేను లెక్కపెట్టలేదు. ఆరో ఏడో వేశాను. నిర్మల గడపలో నిలబడి చూసింది. పిల్ల తల పట్టుకోమంటే పట్టుకోలేదు.

ఆగస్టు 15

నొప్పి తగ్గింది. జ్ఞాన బడిలో జెండా వందనానికి పోయి బొరుగులు, బెల్లం తెచ్చుకుంది. నాకూ ఒక పిడికెడు పెట్టింది. మందు మన చేనుల్లోనే ఉంది. ఒకరి వాకిట్లో నిలబడే పని లేదు.

మళ్లీ పోశాను.

ఆగస్టు 16

తగ్గినట్టే ఉంది. ఈరోజూ పోశాను.

ఆగస్టు 20, వేలూరు

మూడు రోజుల సంగతి ఈరోజు రాస్తున్నాను. డైరీ నిర్మల సంచిలో పెట్టింది, ఎందుకో. మంచిపని చేసింది. ఆసుపత్రి వరండాలో కూర్చుంటే చేతులకు ఏ పనీ లేదు.

శుక్రవారం పొద్దున జ్ఞాన లేవలేదు. ఒళ్లు కాలిపోతోంది. ఎడమ చెవి ముందుకు వంగిపోయి ఉంది. వెనక నిమ్మకాయంత వాపు, ఎర్రగా. నిర్మల బయటికి పోయి, పావుగంటలో వరదమ్మను వెంటబెట్టుకొని వచ్చింది. వరదమ్మ చేతిలో అప్పటికే గుడ్డసంచి, గొడుగు ఉన్నాయి. పిల్లను చూసింది. చెవిలోని దూది తీసింది. దూది పచ్చగా ఉంది. నా వైపు చూసింది. 

"శుక్రవారం గదా అత్తా, రేపు పొద్దున్నే బయలుదేరతాం" అన్నాను. ఎందుకలా అన్నానో నాకు తెలియదు.

"శుక్రవారమని చీము ఆగుతుందా? నువ్వు రాకపోతే చేనికి పో, కలుపు తీసుకో. మేం పోతాం. నాకు అరవం వచ్చు, దానికి బిడ్డను ఎత్తుకునే చేతులుండాయి. నీతో ఏం పని?"

నేనే ఎత్తుకున్నాను. చిత్తూరులో వేలూరు బస్సు కదిలిపోతుంటే వరదమ్మ గొడుగు అడ్డం పెట్టి ఆపింది. కండక్టరు తిట్టబోయి, పిల్లను చూసి, ముందు సీటు ఖాళీ చేయించాడు. గాలి తగలకుండా తానే కిటికీ మూశాడు. వేలూరులో దిగేటప్పుడు రిక్షా పిలిచి ఎక్కించాడు. ఆయన పేరు అడగాల్సింది.

ఆసుపత్రిలో మాకు దారీ తెన్నూ తెలియలేదు. వరదమ్మ పుట్టిల్లు ఆరణి పక్క. ఆయాలతో, చీట్లు రాసేవాళ్లతో అరవంలో మాట్లాడి, ఒకరిని అక్కా అని, ఒకరిని తిట్టి, గంటలో డాక్టరమ్మ ముందుకు తీసుకుపోయింది. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. చెవి చూసి, లోపలి నుంచి పచ్చటి దూది బయటికి తీసి, ఏం పోశారని అడిగింది. అరవంలోనే అడిగింది.

నేను నేల చూశాను. నిర్మల నన్ను చూసింది.

"నేనే పోసినాను, తల్లీ. ఆకుపసరు" అంది వరదమ్మ.

డాక్టరమ్మ చేతులు కడుక్కున్నంతసేపూ ఆమెను తిట్టింది. నీలాంటివాళ్ల వల్లే పిల్లకాయలు చచ్చిపోతున్నారని, నీకు ఎవరిచ్చారు ఈ అధికారమని. వరదమ్మ తల వంచుకొని నిలబడింది, బడిలో పిల్లలా. చెవి వెనక ఎముకలో చీము పట్టిందట. ఇంకో రెండు రోజులైతే మెదడుకు పోయేదట. శనివారం ఆపరేషన్ చేశారు. పిల్ల కళ్లు తెరిచింది. నీళ్లు అడిగింది.

నేను చెప్పాలనే అనుకున్నాను. నాకు తమిళం రాదు.

ఆగస్టు 22

జ్వరం దిగింది. ఇడ్లీ సగం తిన్నది.

ఆగస్టు 24

వరదమ్మ ఊరికి పోయింది, మా ఎనుము పాలు పితకడానికి. పోయేముందు పిల్ల తల నిమిరి పోయింది.

ఆమె బస్సెక్కినాక నిర్మల చెప్పింది. వచ్చేటప్పుడు బస్సులో వరదమ్మ ఆమెకు చెప్పిందట. వరదమ్మకు ఒక కొడుకు ఉండేవాడని, ఆరేళ్లప్పుడు జ్వరమొచ్చి పోయాడని ఊరందరికీ తెలుసు. చెవి సంగతి ఎవరికీ తెలియదు. వాపు వచ్చినాక కూడా ఆమె ఆకు పోస్తూనే ఉండిందట, ఎనిమిది రోజులు. అప్పటి నుంచి ఎవరొచ్చినా ముందు ఎముక నొక్కి చూస్తుందట.

ఇది రాయకూడదేమో. రాశాను కాబట్టి ఉండనీ.

ఆగస్టు 29

కుట్లు విప్పారు. ఎడమ చెవి కొంచెం తక్కువగా వినిపిస్తుందట. వినిపించినంత చాలు. డాక్టరమ్మ జ్ఞానకు బిస్కత్తు ఇచ్చింది. ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది. వద్దంది.

సెప్టెంబరు 2, ఆదివారం

ఇంటికి వచ్చాం. పిల్ల నడిచి బస్సెక్కింది, నడిచి దిగింది. దిగినాక నేను కాసేపు రోడ్డు పక్కన కూర్చున్నాను. నిర్మల ఏమైందని అడగలేదు. నాయన సంగతి ఆమెకు తెలుసు.

సెప్టెంబరు 3

చేనికి పోయాను. గడ్డి కమ్మేసి ఉంటుందనుకున్నాను. చేనంతా శుభ్రంగా ఉంది. చిన్నబ్బ, దేవకమ్మ గుంపు కలిసి రెండో కలుపు తీసేశారు. చెనిక్కాయ ఊడలు బాగా నేలలోకి దిగాయి. ఈశాన్యం మూలలో మాత్రం నాలుగు మూరలు వదిలేశారు. పీకిన చోటే కుక్కవామింట మళ్లీ మొలిచి, మోకాలెత్తున పచ్చగా పూసి ఉంది.

దేవకమ్మను అడిగాను, మూల ఎందుకు వదిలారని.

"మాకు తిరుపతిలో ఎవురూ చెప్పలేదు గదప్పా" అంది.

ఇంతమంది ఇంత చేశారు. ఎవరికి ఏం చేసి తీర్చుకోవాలో తెలియదు. చిన్నబ్బ ఎద్దులకు ఒక మోపు గడ్డి కోసి వేసి వచ్చాను.

సెప్టెంబరు 12

టీ అంగడి దగ్గర ఏకాంబరం పలకరించాడు. ఆయన బామ్మర్ది వేలూరులో జ్ఞానను చూడడానికి వచ్చి, ఆయా చెప్పగా విన్నాడట.

"వరదమ్మ ఆకు పోసి బిడ్డ చెవి చెడగొట్టిందంట గదా? పాపం, మీరు సమయానికి తీసకపొయ్యినారు గాబట్టి సరిపొయ్యింది."

ఊ అన్నాను. అవునని కాదు. ఊరికే ఊ.

సెప్టెంబరు 16

వాన లేదు. మబ్బు ఉంది.

సెప్టెంబరు 23, ఆదివారం

వరదమ్మ ఇంటి ముందు నుంచి పోయాను. ఆదివారం పొద్దున ఆ వాకిట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లులు కూర్చొని ఉండేవాళ్లు. ఈరోజు ఎవరూ లేరు. ఆమె ఒక్కతే కూర్చొని ఉంది, పక్కన రోలు కడిగి బోర్లించి ఉంది. "ఏమిరా, చేను ఎట్లుండాది?" అంది. బాగుందన్నాను. "జ్ఞాన?" అంది. బాగుందన్నాను.

మందు ఇచ్చినవాళ్లకు మేలు చేశావని చెప్పకూడదు. కాబట్టి చెప్పలేదు.

సెప్టెంబరు 30

ఈ ఆదివారం కూడా ఎవరూ లేరు. నేను ఆ దారిన పోవలసిన పనేమీ లేదు. పోయాను.

అక్టోబరు 6

నిర్మల ఇన్నాళ్లకు ఆ పసరు సంగతి మీద నోరు విప్పింది. సంగటి గెలుకుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఏమి చెప్పేది?"

 సంగటి ముద్ద నా తట్టలో ఎప్పటికంటే గట్టిగా వేసింది.

అక్టోబరు 14, ఆదివారం, తిరుమల

జ్ఞాన తలవెంట్రుకలు మొక్కు. నిర్మల వేలూరులోనే మొక్కుకుందట. ఆపరేషన్ కోసం ఎడమ పక్కంతా గొరిగేశారు కదా, అటు పక్క ఇప్పుడిప్పుడే అంగుళం పెరిగింది. క్షురకుడు చూసి, "ఏమమ్మా, ఇది సగం పంటే గదా, తక్కిన సగం ఏమాయె?" అన్నాడు.

"సగం వేలూరోళ్లు తీసుకున్నారు. మిగిలింది స్వామికి" అంది జ్ఞాన.

వరసలో కూర్చున్నవాళ్లందరూ నవ్వారు. నేను నవ్వుతుండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. చెవి వెనక మచ్చ గుండులో బాగా కనిపిస్తోంది, నెలవంకలా వంగి. దర్శనంలో నేను ఏమీ అడగలేదు. అడగడానికి ఏమీ మిగల్లేదు. ఆ మచ్చ చూస్తూ నిలబడితే ముందుకు తోసేశారు.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు నిర్మల లడ్డు మూడు పొట్లాలు కట్టింది. ఒకటి చిన్నబ్బకు, ఒకటి దేవకమ్మకు. మూడోది ఎవరికని నేను అడగలేదు. 

అక్టోబరు 15

మూడో పొట్లం నన్నే తీసుకుపోయి ఇవ్వమంది. ఇచ్చాను. వరదమ్మ కళ్లకద్దుకొని తీసుకుంది. దొరస్వామి మనవడికి చెవిపోటని, కాంపౌండరు దగ్గరికి తీసుకుపోయారని తానే చెప్పింది. "మంచిదే, నాకూ చేతులు వొణుకుతా ఉండాయి ఈ మధ్య" అంది. ఆమె చేతులు చూశాను. వణకడం లేదు.

అక్టోబరు 28

నాకు అరవం వచ్చు. చిత్తూరు సంతలో ఈ ఎద్దుల జతను అరవంలోనే బేరమాడి తెచ్చుకున్నాను. వేలూరులో డాక్టరమ్మ అన్న ప్రతి మాటా నాకు అర్థమైంది.

నవంబరు 8, గురువారం

చెనిక్కాయ పెరికాం. చెట్టుకు ఇరవై, పాతిక కాయ ఉంది. నాయన కాలంలో కూడా ఇంత కాయ చూడలేదు. ఆడవాళ్లు పది మంది వేపచెట్టు కింద కూర్చొని పెరికిన చెట్లకు కాయ వలుస్తున్నారు. వరదమ్మ కూడా వచ్చింది. ఆమె మాత్రం రొంత దూరంగా కూర్చుంది. బడి లేదని జ్ఞాన ఆమె పక్కనే కూర్చొని పచ్చికాయ తింటోంది.

ఏకాంబరం పెళ్లాం వరలక్ష్మమ్మ చంటిబిడ్డ చెవి పట్టుకొని ఒకటే ఏడుపు. దేవకమ్మ అంది, "పక్కనే ఉండాది గదా వరదమ్మ, రొంత సూపించరాదా?"

"నాకు బిడ్డ కావల్ల తల్లీ" అంది వరలక్ష్మమ్మ. "జ్ఞానకు ఏమాయెనో అందరం సూసినాం గదా. నేను చిత్తూరికే పోతా."

 కాయ వలిచే చప్పుడు మాత్రం వినిపించింది. వరదమ్మ తలెత్తలేదు. జ్ఞాన తలెత్తింది. తింటున్న కాయ పట్టుకొని నా వైపు చూసింది. పిల్లకు అన్నీ తెలుసు. దాని నోటి వెంట రాకముందే నా నోటి వెంట రావాలి.

"జ్ఞానకు పసరు పోసింది వరదమ్మత్త కాదు" అన్నాను.

దేవకమ్మ నా వైపు తిరిగింది.

"ఆమె ఎముక నొక్కి సూసి, ఆకు తిప్పి ఇచ్చేసినాది. వేలూరికి పొమ్మని చెప్పినాది. నేను ఇనలేదు. చిన్నబ్బ చేనులో ఆకు పెరికి నేనే పోసినా, మూడు రోజులు. డాక్టరమ్మ అడిగినప్పుడు నోరు మూసుకున్నా. ఈమె నా తప్పు నెత్తిన వేసుకున్నాది."

నిర్మల చేతిలోని చెట్టు కింద పెట్టి నన్ను చూసింది. ఆగస్టు నుంచి ఆమె నన్ను అలా చూడలేదు.

వరలక్ష్మమ్మే ముందు తేరుకుంది. "మూడు నెల్లుగా నోట్లో ఏం పెట్టుకోనుండావు మునిరామయ్యా, చెనిక్కాయా?"

పక్కున నవ్వారు. నవ్వనీ. నేను వరదమ్మ దగ్గరికి పోయి నిలబడ్డాను. వంగి మాట్లాడాలో కూర్చొని మాట్లాడాలో తెలియక నిలబడే అన్నాను.

"మేలు చేసినావత్తా."

"అయ్యయ్యో, అనకూడదు, అనకూడదు!" అని దేవకమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"మందిచ్చినోళ్లకు గదా అనకూడదు? ఈమె నాకు మందియ్యలేదు. నా బిడ్డకు మేలు చేసినాది. మేలు చేసినావత్తా."

వరదమ్మ చేతిలోని చెట్టుకు ఇంకా రెండు కాయలున్నాయి. అవి కూడా వలిచి గంపలో వేసింది. అప్పుడు తలెత్తింది.

"తిరుపతిలో రొంత తెలివి గూడా నేర్పించినట్టుండారే" అంది. ఆ తరవాత వరలక్ష్మమ్మ వైపు చెయ్యి చాచింది. "ఆ బిడ్డను ఇట్ల తీసకరా. ఎముక నొక్కి సూస్తా. పోసేదా లేదా తరవాత."

వరలక్ష్మమ్మ చేతి మట్టి చీరకు తుడుచుకుంది. తరవాత లేచి బిడ్డను ఆమె ఒళ్లో పెట్టింది.

నవంబరు 11, ఆదివారం

వరదమ్మ వాకిట్లో ఇద్దరు ఉన్నారు. ఒకరు వరలక్ష్మమ్మ.

నవంబరు 19

కాయ ఎండింది. మూల మాత్రం ముట్టుకోలేదు. పరంధామయ్య చేను చూడడానికి వచ్చి, "ఈ మూల ఏమిటి, మునిరామయ్యా?" అన్నాడు. వరదమ్మ మూల అన్నాను. ఆయన ఏదో రాసుకున్నాడు. గింజలు కొన్ని రాలాయి. వచ్చే సంవత్సరం చేనులోకి కొంత వస్తుంది. వస్తే తీసుకుంటాం.

డిసెంబరు 16, ఆదివారం

నిన్నటి నుంచి నాకు ఎడమ చెవిలో పోటు. రెండు తమలపాకులు, ఒక వక్క తీసుకొని వరదమ్మత్త ఇంటికి పోయాను. జ్ఞాన వెంట వచ్చింది. ఆకులు కింద పెట్టాను. ఆమె చెవి వెనక బొటనవేలితో నొక్కింది, నొప్పి లేదన్నాను. నా చెవిలోని దూది తీసి వాసన చూసింది. ఆకులు తీసి కొంగున ముడి వేసుకుంది. మూడు చుక్కలు పోసింది. మూడే. ఆకు మా మూలలోదే, నిన్న దారం కట్టిపోయింది. దూది పెట్టి పొమ్మంది.

ఆమె ఇల్లు దాటేసరికే పోటు తగ్గుముఖం పట్టింది.

జ్ఞాన ఇప్పుడు ఎప్పుడూ నా ఎడమ పక్కనే నడుస్తుంది, మంచి చెవి నా వైపు ఉండేలా. నా ఎడమ చెవిలో దూది ఉంది. అందుకని దారిలో రెండుసార్లు అడగవలసి వచ్చింది.

"అవ్వకు ఏమన్నా చెప్పినావా నాయనా?"

లేదన్నాను.

"మంచిపని" అంది.